ఊహ తప్పింది, మందు పనిచేసింది

మెదడు, వెన్నుపాములను దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) రోగులకు లింఫోమా క్యాన్సర్ మందు ఇచ్చి చూస్తానని స్టీఫెన్ హౌజర్ నిధులు అడిగి ఇప్పటికి ఇరవై ఏళ్ల పైమాటే. అప్పటికి ఆయన శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నరాల వైద్య విభాగానికి అధిపతి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల తరఫున ఆ ప్రతిపాదన చదివిన నిపుణులు దాన్ని తిప్పి పంపారు. జీవశాస్త్రం ప్రకారం అది జరిగే పని కాదన్నారు. ఆ మందు తుడిచిపెట్టేది బి కణాలను, అంటే రోగనిరోధక వ్యవస్థలో యాంటీబాడీలనే రక్షక ప్రోటీన్ల తయారీకి మూలమైన కణాలను. ఎం.ఎస్.కు మూలం అదే వ్యవస్థలోని మరో రకమైన టి కణాలని పాఠ్యపుస్తకాలన్నీ ముక్తకంఠంతో చెబుతున్న రోజులవి. దొంగ ఒకరైతే సోదా మరొకరి ఇంట్లో చేస్తామన్నట్టుగా ఆ ప్రతిపాదన వారికి కనిపించి ఉండాలి.

తర్వాత ఒక ఔషధ కంపెనీ ముందుకొచ్చింది, ప్రయోగం జరిగింది, మందు పనిచేసింది. 2017లో అదే కోవకు చెందిన ఆక్రెలిజుమాబ్‌కు అమెరికా ఆహార, ఔషధ సంస్థ అనుమతి లభించింది. 2025లో హౌజర్‌కు జీవశాస్త్రంలో బ్రేక్‌త్రూ బహుమతి వచ్చింది. ఇక్కడితో ఆపేస్తే ఇదొక మామూలు విజయగాథ. లోకం నమ్మలేదు, ఆయన పట్టు విడవలేదు, చివరికి గెలిచారు. అసలు సంగతి అంత నున్నగా లేదు. మందు ఏ కారణంగా పనిచేస్తుందని హౌజర్ ఊహించారో ఆ కారణంగా అది పనిచేయలేదు. ప్రతిపాదనను కొట్టేసినవారిది తప్పని తేలింది, ప్రతిపాదించినవారి లెక్కా తప్పని తేలింది. ఈ రెండో సంగతి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఎం.ఎస్. గురించి మనకు ఎక్కువ నేర్పింది మాత్రం అదే.

మెదడులో, వెన్నుపాములో పరుచుకున్న నాడీ తంతువుల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర చుట్టలు చుట్టలుగా ఉంటుంది. ఆ చుట్టల మధ్య అక్కడక్కడా సన్నని ఖాళీలుంటాయి. విద్యుత్ సంకేతం తంతువు పొడవునా పాకుతూ వెళ్లకుండా ఒక ఖాళీ నుంచి ఇంకో ఖాళీకి దూకుతూ పోతుంది. అందువల్లే మందపాటి తంతువుల్లో సంకేతం సెకనుకు వంద మీటర్ల దాకా వేగం అందుకుంటుంది. మైలిన్ లేని సన్నని తంతువుల్లో ఆ వేగం ఒకటి రెండు మీటర్లకు మించదు. ఎం.ఎస్.లో రోగనిరోధక వ్యవస్థ తన సొంత మైలిన్ మీదే విరుచుకుపడుతుంది. పొర ఊడిన చోట సంకేతం నత్తనడక నడుస్తుంది, తడబడుతుంది, ఒక్కోసారి అక్కడే ఆగిపోతుంది.

దెబ్బ ఎక్కడ తగిలిందన్నదాన్ని బట్టి లక్షణాలు మారతాయి. ఒకరికి రెండు మూడు రోజుల్లో ఒక కన్ను మసకబారుతుంది. కన్ను తిప్పితే నొప్పి, ఆ కంటితో చూస్తే ఎరుపు రంగు పలుమార్లు ఉతికిన గుడ్డలా వెలిసిపోయి కనిపిస్తుంది. ఇంకొకరికి తల వంచిన ప్రతిసారీ వెన్నులో కరెంటు పాకినట్టు జివ్వుమంటుంది. వేడినీటి స్నానం చేసి బయటికొచ్చేసరికి చూపు తగ్గి, ఒళ్లు చల్లబడ్డాక తిరిగి వచ్చేవారూ ఉన్నారు. పొర పోయిన తంతువు శరీరంలో అర డిగ్రీ వేడి పెరిగినా తట్టుకోలేదు మరి. చాలామందిలో ఈ లక్షణాలు కొన్ని వారాలుండి తగ్గుతాయి, నెలలో ఏళ్లో గడిచాక మరో రూపంలో తిరగబెడతాయి. సుమారు పదిహేను శాతం మందిలో మాత్రం ఈ రాకపోకలేమీ ఉండవు. మొదటి రోజు నుంచీ నెమ్మదిగా, ఆగకుండా నడక క్షీణిస్తూ పోతుంది. వైద్యులు దీన్ని ప్రైమరీ ప్రోగ్రెసివ్ రకం అంటారు.

జబ్బు మొదలయ్యేది ఎక్కువగా ఇరవై, నలభై ఏళ్ల మధ్య. మగవారికంటే ఆడవారిలో కనీసం రెండింతలు ఎక్కువ. 2020 నాటి అంచనా ప్రకారం ప్రపంచంలో 28 లక్షల మంది దీనితో బతుకుతున్నారు. పారిస్‌లోని సాల్పెత్రియేర్ ఆసుపత్రిలో జాన్ మార్టిన్ షార్కో 1868లోనే దీన్ని ప్రత్యేక వ్యాధిగా వర్ణించి, మెదడులో గట్టిపడ్డ మచ్చలను చూపించాడు. ఆ మచ్చలు ఎందుకొస్తాయో తెలుసుకునే దారి మాత్రం అనుకోని చోట దొరికింది.

కుందేలు మెదడు నుంచి ఎలుక దాకా

లూయీ పాశ్చర్ 1885లో తయారుచేసిన పిచ్చికుక్క కాటు టీకాలో కుందేలు వెన్నుపాము కణజాలం ఉండేది. టీకా వేయించుకున్నవారిలో కొద్దిమందికి కాళ్లూ చేతులూ పడిపోయేవి. ఆ పక్షవాతానికి కారణం టీకాలోని వైరసా, లేక కుందేలు కణజాలమా అన్న అనుమానం దశాబ్దాలపాటు తేలలేదు. 1930ల్లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో థామస్ రివర్స్ దీన్ని తేల్చాడు. వైరస్ అన్నదే లేని ఆరోగ్యమైన కుందేలు మెదడు సారాన్ని కోతులకు నెలల తరబడి, డజన్ల కొద్దీ ఇంజెక్షన్లుగా ఇచ్చాడు. కొన్ని కోతులకు మెదడు వాచింది, మైలిన్ ఊడింది. పరాయి మెదడును ఎదిరించడం నేర్చుకున్న రోగనిరోధక వ్యవస్థ అదే ఊపులో సొంత మెదడు మీదికి వెళ్లిందన్నమాట. 1947లో ఎల్విన్ కాబాట్ బృందం ఆ సారానికి నూనె లాంటి ఉద్దీపకాన్ని కలిపి, నెలలు పట్టే పనిని కొన్ని వారాలకు కుదించింది.

అప్పటి నుంచి ఎం.ఎస్. పరిశోధన అంటే ఈ కృత్రిమ వ్యాధిని పరిశోధించడమే అయిపోయింది. కోతుల నుంచి గినీ పందులకు, అక్కడి నుంచి ఎలుకలకు మారింది. ఎలుక చవక, త్వరగా పిల్లలు పెడుతుంది, జన్యుపరంగా అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. జబ్బుపడిన ఎలుక రక్తంలోని సీరాన్ని, అంటే యాంటీబాడీలున్న భాగాన్ని, ఆరోగ్యమైన ఎలుకకు ఎక్కిస్తే ఏమీ కాలేదు. లింఫ్ గ్రంథుల్లోని కణాలను ఎక్కిస్తే జబ్బు వచ్చింది. 1981లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు ఇంకో అడుగు ముందుకేసి, మైలిన్‌లోని ఒకే ఒక ప్రోటీన్‌ను గుర్తుపట్టే టి కణాలను గాజు పాత్రలో పెంచి, వాటితోనే ఎలుకల్లో వ్యాధి తెప్పించారు. అంతకంటే తేటతెల్లమైన రుజువు ఎవరూ కోరరు. టి కణాలే దోషులన్న తీర్పు అక్కడ ఖాయమైంది.

ఆ తీర్పు ఎలుకకు సంబంధించినంతవరకు సరైనదే. మనిషి దగ్గరికి వచ్చేసరికి సాక్ష్యం కుదరడం లేదన్న సంకేతాలు ఒకటొకటిగా వస్తూనే ఉన్నాయి. ఎలుకల్లో జబ్బును అణిచిన, టి.ఎన్.ఎఫ్. అనే వాపు ప్రోటీన్‌ను అడ్డుకునే మందును ఎం.ఎస్. రోగులకు ఇస్తే జబ్బు ముదిరింది. టి కణాల్లో ముఖ్యమైన సి.డి.4 రకాన్ని తగ్గించే యాంటీబాడీని 1990ల్లో పరీక్షిస్తే స్కాన్లలో తేడా కనిపించలేదు. టి కణాలను రెచ్చగొట్టే సంకేతాలను అడ్డుకునే ఉస్తెకినుమాబ్ సోరియాసిస్‌లో చక్కగా పనిచేసి, ఎం.ఎస్.లో 2008 నాటికి చతికిలపడింది. వీటిలో ఏ ఒక్కదాన్ని విడిగా చూసినా ఏదో ఒక సర్దుబాటు చెప్పుకోవచ్చు. మోతాదు చాలలేదనో, మందు మెదడులోకి చేరలేదనో అనుకోవచ్చు. శాస్త్రరంగంలో సిద్ధాంతాలు ఇలాంటి సర్దుబాట్ల ఊతంతో చాలా కాలం నిలబడతాయి.

ఇంకో సాక్ష్యం 1940ల నుంచీ కళ్లెదుటే ఉంది. ఎం.ఎస్. రోగుల వెన్నెముక ద్రవంలో యాంటీబాడీలు అసాధారణంగా ఎక్కువగా ఉంటాయని కాబాట్ అప్పుడే గమనించాడు. ఆ ద్రవాన్ని జెల్ మీద విద్యుత్తుతో విడగొడితే కొన్ని సన్నని పట్టీలు విడివిడిగా తేలతాయి. ఒక్కో పట్టీ ఒకే వంశానికి చెందిన బి కణాల ఉత్పత్తి. తొంభై శాతానికి పైగా రోగుల్లో ఇవి కనిపిస్తాయి. వ్యాధి నిర్ధారణకు ఆసుపత్రుల్లో ఇప్పటికీ ఆ పరీక్ష చేస్తారు. అంటే ఉదయం బి కణాల పాదముద్రలు చూసి జబ్బును గుర్తించే వైద్యులే, మధ్యాహ్నం సెమినార్‌లో బి కణాలకు ఇందులో పని లేదని చెప్పేవారు.

కవలల రక్తం

హౌజర్ 1970ల చివర బోస్టన్‌లో శిక్షణలో ఉండగా చూసిన ఒక రోగి గురించి తర్వాత చాలా చోట్ల చెప్పారు. ఆమె యువ న్యాయవాది. ఉద్యోగంలో వేగంగా పైకి వస్తున్న మనిషి. కొద్దికాలంలోనే ఒక పక్క పడిపోయింది, మాట పోయింది, మింగడం కష్టమైంది, చివరికి సొంతంగా ఊపిరి తీసుకోవడమూ కష్టమైంది. అప్పటికి ఈ వ్యాధి గమనాన్ని మార్చే మందు ఒక్కటీ లేదు. మొదటిదైన ఇంటర్‌ఫెరాన్ బీటా రావడానికి 1993 దాకా ఆగాల్సి వచ్చింది. 1983లో హౌజర్, సహచరులు సైక్లోఫాస్ఫమైడ్ అనే కటువైన క్యాన్సర్ మందుతో ముదిరిన రోగుల్లో రోగనిరోధక వ్యవస్థనంతటినీ అణిచి, ఏడాదిపాటు చాలామందిలో జబ్బును నిలబెట్టామని ప్రకటించారు. కలుపు తీయడానికి చేను మొత్తం తగలబెట్టడం లాంటిది ఆ చికిత్స. అయినా ఒక ప్రశ్నను అది ముందు పెట్టింది. అంత పెద్ద మంటలో కాలిపోయిన కణాల్లో నిజంగా కాలవలసినవి ఏవి?

ఆ ప్రశ్నకు ఎలుకతో జవాబు దొరకదని హౌజర్‌కు అనిపించింది. ఎలుకలో వచ్చే కృత్రిమ వ్యాధి వెన్నుపామును వాచేలా చేస్తుంది గానీ, మనిషి మెదడులో కనిపించే విశాలమైన మైలిన్ నష్టాన్ని చూపించదు. అందుకే ఆయన బృందం మార్మోసెట్ అనే దక్షిణ అమెరికా కోతిని ఎంచుకుంది. అరచేతిలో పట్టే జంతువు అది. పరిశోధకులకు అది నచ్చడానికి ఒక విచిత్రమైన కారణం ఉంది. మార్మోసెట్లు సాధారణంగా కవలలుగా పుడతాయి. గర్భంలో ఉండగా వాటి మావి రక్తనాళాలు కలిసిపోతాయి. ఒకదాని ఎముక మజ్జ కణాలు ఇంకొకదానిలో స్థిరపడతాయి. రెండూ జన్యుపరంగా వేర్వేరు జంతువులే, అయినా ఒకదాని రక్తకణాలను మరొకటి పరాయివనుకోదు. కాబట్టి జబ్బుపడిన కోతి నుంచి టి కణాలు తీసి తోబుట్టువుకు ఎక్కించవచ్చు, తిరస్కరణ ఉండదు. ఒకే అచ్చు ఎలుకలతో చేసే ప్రయోగాన్ని మనిషికి దగ్గరి జంతువులో చేయగలిగే అరుదైన వెసులుబాటు ఇది.

ఫలితం 1995లో వచ్చింది. టి కణాలను మాత్రమే రెచ్చగొట్టినప్పుడు మార్మోసెట్ మెదడులో వాపు వచ్చింది, మైలిన్ మాత్రం పెద్దగా చెదరలేదు. ఆ వాపుకు తోడు, మైలిన్ పై అంచున ఉండే మాగ్ అనే ప్రోటీన్‌కు అతుక్కునే యాంటీబాడీని కూడా ఇస్తే పొర విస్తారంగా ఊడిపోయింది. మనిషి మెదడులోని మచ్చలకు అచ్చంగా సరిపోయే చిత్రం అది. టి కణాలు తలుపు తెరుస్తాయి, లోపలికొచ్చి ఇల్లు కూల్చేది యాంటీబాడీలు. నాలుగేళ్ల తర్వాత అదే బృందం, న్యూయార్క్ సహచరులతో కలిసి, బంగారు రేణువులు అతికించిన మాగ్ ముక్కలను ఎరగా వేసి, ఎం.ఎస్. రోగుల మెదడు కణజాలంలో విచ్ఛిన్నమవుతున్న మైలిన్ తునకల మీద యాంటీబాడీలు వాలి ఉండటాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూపించింది.

యాంటీబాడీలను తయారుచేసేవి బి కణాల సంతతి. బి కణాలను తొలగించే మందు అప్పటికే మార్కెట్లో ఉంది. రిటుక్సిమాబ్‌కు లింఫోమా చికిత్స కోసం 1997లో అనుమతి వచ్చింది. బి కణాల మీద ఉండే సి.డి.20 అనే గుర్తును పట్టుకుని వాటిని నాశనం చేస్తుంది. ఆలోచన అక్కడి నుంచి సహజంగానే సాగింది. బి కణాలు పోతే కొంతకాలానికి యాంటీబాడీలు తగ్గుతాయి, అవి తగ్గితే మైలిన్ నిలుస్తుంది. ప్రభుత్వ నిధులు రాకపోయాక, ఆ మందు తయారుచేసే జెనెన్‌టెక్ కంపెనీ చిన్న ప్రయోగానికి ఒప్పుకుంది.

పన్నెండు వారాలు

హెర్మిస్ అని పేరుపెట్టిన ఆ ప్రయోగంలో 104 మంది రోగులు పాల్గొన్నారు. 69 మందికి రెండు వారాల తేడాతో రెండుసార్లు రిటుక్సిమాబ్, 35 మందికి మందు లేని ద్రవం ఎక్కించారు. ఎవరికి ఏది ఎక్కిందో రోగికీ వైద్యుడికీ తెలియదు. కొలమానం ఎం.ఆర్.ఐ. స్కాన్. గాడొలీనియం అనే రంగుద్రవ్యాన్ని రక్తంలోకి పంపి స్కాన్ తీస్తే, మెదడు రక్తనాళాల గోడ ఎక్కడ కొత్తగా చిల్లుపడిందో అక్కడ ఆ ద్రవ్యం కారి తెల్లని చుక్కగా మెరుస్తుంది. చుక్క ఉందంటే అక్కడ ఇప్పుడు, ఈ వారాల్లో, దాడి జరుగుతోందని అర్థం.

పన్నెండో వారం నుంచి ఇరవై నాలుగో వారం దాకా తీసిన నాలుగు స్కాన్లలో ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో సగటున 5.5 చుక్కలు కనిపించాయి. రిటుక్సిమాబ్ తీసుకున్నవారిలో 0.5. తగ్గుదల 91 శాతం. జబ్బు తిరగబెట్టినవారి సంఖ్య కూడా ఆరు నెలల్లో సగానికంటే తక్కువకు పడిపోయింది. 2008 ఫిబ్రవరిలో ఈ ఫలితాలు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయ్యాయి. అప్పటిదాకా వాడుకలో ఉన్న ఇంటర్‌ఫెరాన్‌లు జబ్బు తిరగబెట్టడాన్ని మూడో వంతు తగ్గిస్తే గొప్పగా చెప్పుకునేవారు.

అయితే ఆ పట్టికలను జాగ్రత్తగా చదివినవారికి ఒక ఇబ్బంది ఎదురైంది. ఫలితం మరీ త్వరగా వచ్చింది. యాంటీబాడీలను కుమ్మరించేది ప్లాస్మా కణాలు. అవి బి కణాల నుంచే పుడతాయి గానీ, ఎదిగాక సి.డి.20 గుర్తును వదిలేస్తాయి. రిటుక్సిమాబ్ వాటిని తాకదు. అవి ఎముక మజ్జలో ఏళ్ల తరబడి బతుకుతాయి. రక్తంలో యాంటీబాడీ సగానికి తగ్గాలంటేనే మూడు వారాలు పడుతుంది, అదీ కొత్తది తయారుకాకుండా ఉంటే. రోగుల రక్తంలో యాంటీబాడీల స్థాయి ఆ వారాల్లో చెప్పుకోదగ్గంత మారలేదు. వెన్నెముక ద్రవంలో ఆ పట్టీలూ చాలావరకు చెక్కుచెదరలేదు. దోషి అనుకున్నవాడు అలాగే ఉన్నాడు, నేరాలు మాత్రం ఆగిపోయాయి.

దీనికి తోడు ఇంకో ప్రయోగం అటువైపు నుంచి మేకు దిగ్గొట్టింది. అటాసిసెప్ట్ అనే మందు బి కణాల, ప్లాస్మా కణాల మనుగడకు కావలసిన సంకేతాలను అడ్డుకుంటుంది, యాంటీబాడీలను నిజంగానే తగ్గిస్తుంది. యాంటీబాడీ సిద్ధాంతం సరైనదైతే ఇది రిటుక్సిమాబ్‌ను మించాలి. ఎం.ఎస్. రోగులకు ఇస్తే జబ్బు తిరగబెట్టడం పెరిగింది. ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. బి కణాల్లోనూ మంచివి, చెడ్డవి ఉన్నాయని, అటాసిసెప్ట్ మంట ఆర్పేవాటిని కూడా తీసేసి ఉండవచ్చని ఇప్పుడు వివరిస్తున్నారు. ఆ వివరణ నిజమే కావచ్చు, కాకపోతే ఫలితం వచ్చాక పుట్టింది.

మరి రిటుక్సిమాబ్ చేసిన పని ఏమిటి? ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే జవాబు ఇది. బి కణం యాంటీబాడీ తయారీకి ముడిసరుకు మాత్రమే కాదు. శత్రువు ముక్కను పట్టుకుని టి కణానికి చూపించే పని కూడా అది చేస్తుంది. తనకు తెలిసిన ప్రోటీన్ అయితే అతి తక్కువ మోతాదులో ఉన్నా పట్టి చూపించగలదు. పైగా వాపును ఎగదోసే రసాయన సంకేతాలను వెదజల్లుతుంది. ఎం.ఎస్. రోగుల బి కణాల్లో ఈ ఎగదోసే గుణం ఎక్కువని అమిత్ బార్-ఓర్ తదితరులు ప్రయోగశాలలో చూపించారు. బి కణాలు పోగానే టి కణాలకు ఉసిగొల్పేవారు లేకుండా పోయారు. ఆ లెక్కన టి కణాల వర్గం వారిది పూర్తిగా ఓటమి కాదు, బి కణాల వర్గం వారిది పూర్తిగా గెలుపు కాదు. ఈ రెండు కణాల మధ్య నడిచే సంభాషణే వ్యాధి అనుకుంటే రెండు వర్గాల సాక్ష్యాలూ ఒక చోట కుదురుతాయి.

మాగ్ యాంటీబాడీల కథకు ఇంకో మలుపు ఉంది, ఇది మరీ చిత్రం. కచ్చితమైన పరీక్షలు అందుబాటులోకి వచ్చాక తేలిందేమిటంటే, మాగ్‌కు గట్టిగా అతుక్కునే యాంటీబాడీలు రక్తంలో ఉన్నవారికి వచ్చేది అసలు ఎం.ఎస్. కాదు. కంటి నరం, వెన్నుపాము వాచే వేరే వ్యాధి. దానికి ఇప్పుడు మాగ్ పేరుతోనే వేరే గుర్తింపు ఉంది. మార్మోసెట్‌లో చూసి ఎం.ఎస్. అనుకున్న చిత్రంలో కొంత భాగం పక్కింటి జబ్బుదన్నమాట. 2004లో అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు, కంటి నరాన్నీ వెన్నుపామునూ దెబ్బతీసే న్యూరోమైలైటిస్ ఆప్టికా అనే మరో జబ్బుకు సొంత యాంటీబాడీని కనుగొన్నప్పుడూ ఇదే జరిగింది. అప్పటిదాకా ఎం.ఎస్. గొడుగు కింద ఉన్న రోగులు కొందరు బయటికొచ్చారు. ఇది పేర్ల పంచాయితీ కాదు. ఎం.ఎస్.కు ఇచ్చే ఇంటర్‌ఫెరాన్ ఆ జబ్బును ముదరబెడుతుంది.

కంపెనీ దారి, స్వీడన్ దారి

హెర్మిస్ తర్వాత రిటుక్సిమాబ్‌ను పెద్ద ప్రయోగాలతో ఎం.ఎస్.లో అనుమతి దాకా తీసుకెళ్లాలి. అలా జరగలేదు. ప్రైమరీ ప్రోగ్రెసివ్ రకంలో 439 మందితో చేసిన పరీక్ష ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేదు. వయసు తక్కువగా ఉండి, స్కాన్‌లో చుక్కలు మెరిసేవారిలో మాత్రం కొంత మేలు కనిపించింది. ఎలుక ప్రోటీన్ భాగం తగ్గించి తయారుచేసిన ఆక్రెలిజుమాబ్ వైపు కంపెనీ మళ్లింది. కొత్త మందుకు కొత్త పేటెంటు ఉంటుందన్నది ఇక్కడ గుర్తుపెట్టుకోవలసిన సంగతి.

ఆక్రెలిజుమాబ్ ప్రయోగాలు మాత్రం పెద్దవి, గట్టివి. తిరగబెట్టే రకంలో ఒపెరా పేరుతో రెండు జంట ప్రయోగాలు జరిగాయి. రెండింట్లో కలిపి 1,656 మందిని 96 వారాలపాటు ఇంటర్‌ఫెరాన్ బీటాతో పోల్చి చూశారు. జబ్బు తిరగబెట్టే రేటు 46, 47 శాతం తగ్గింది. స్కాన్‌లో మెరిసే చుక్కలు 94, 95 శాతం తగ్గాయి. ప్రైమరీ ప్రోగ్రెసివ్ రకంలో 732 మందితో జరిగిన ఒరటోరియో ప్రయోగంలో, వైకల్యం పెరిగినవారు ఉత్తుత్తి మందు గుంపులో 39.3 శాతం, అసలు మందు గుంపులో 32.9 శాతం. ఈ చివరి అంకెలు చిన్నవే. అయినా ఆ రకానికి ఏ మందూ లేని చోట అదే మొదటిది. 2017 మార్చిలో రెండు రకాలకూ ఒకేసారి అనుమతి వచ్చింది. 2020లో అదే కోవకు చెందిన ఒఫటుముమాబ్ వచ్చాక రోగి ఇంట్లోనే నెలకోసారి తనకు తాను సూది వేసుకునే వీలు కలిగింది.

స్వీడన్ వైద్యులు మాత్రం కంపెనీ కోసం ఆగలేదు. చవకగా దొరికే రిటుక్సిమాబ్‌నే, లేబుల్ మీద ఎం.ఎస్. పేరు లేకపోయినా, పెద్ద ఎత్తున వాడారు. 2022లో వారు ప్రచురించిన ప్రయోగంలో రెండేళ్లలో జబ్బు తిరగబెట్టినవారు రిటుక్సిమాబ్ గుంపులో 3 శాతం, ఎం.ఎస్.కు వాడే డైమిథైల్ ఫ్యూమరేట్ మాత్రల గుంపులో 16 శాతం. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యావశ్యక మందుల జాబితాలో ఎం.ఎస్.కు మొదటిసారి చోటిచ్చినప్పుడు అందులో రిటుక్సిమాబ్ ఉంది. ఆధారం మొదట పుట్టింది ఈ మందుతోనే. అధికారిక లేబుల్ మాత్రం దాని తమ్ముళ్లకు దక్కింది.

వైరస్ ఎక్కడ కాపురం ఉంటుందంటే

2025 బహుమతిని హౌజర్‌తో పాటు హార్వర్డ్‌కు చెందిన అల్బెర్టో అస్కెరియో పంచుకున్నారు. వీరిద్దరిదీ ఒకే ప్రయోగశాల కాదు, ఒకే పద్ధతీ కాదు. అస్కెరియో జనాభా లెక్కల మనిషి. అమెరికా సైన్యం హెచ్.ఐ.వి. పరీక్ష కోసం సైనికుల రక్తం ఎప్పటికప్పుడు తీసి, మిగిలిన సీరాన్ని భద్రపరుస్తుంది. ఆ నిల్వల సాయంతో ఆయన బృందం ఇరవై ఏళ్లలో కోటి మందికి పైగా సైనికుల్లో ఎం.ఎస్. వచ్చినవారిని వెతికింది. తగినన్ని నమూనాలున్న 801 మంది రోగుల్లో మొదటి నమూనా నాటికి ఎప్‌స్టైన్-బార్ వైరస్ సోకనివారు 35 మంది. వారిలో 34 మందికి జబ్బు రాకముందే ఆ వైరస్ సోకింది. వైరస్ సోకాక ఎం.ఎస్. వచ్చే ముప్పు 32 రెట్లు పెరిగిందని 2022 జనవరిలో ప్రకటించారు. ఇలాగే వ్యాపించే సైటోమెగలో వైరస్‌తో అలాంటి పెరుగుదల లేదు. నాడీ నష్టాన్ని సూచించే ప్రోటీన్ కూడా ఈ వైరస్ సోకిన తర్వాతే రక్తంలో పెరగడం మొదలైంది.

ఈ వైరస్ జీవితాంతం దాక్కునే చోటు బి కణం. రెండు దారులు ఇక్కడ కలుస్తాయి. బి కణాలను తీసేసే మందు, వైరస్ కాపురం ఉన్న ఇంటినే తీసేస్తోందా? అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఈ వైరస్ ప్రోటీన్ ఒకదానికీ, మెదడులోని గ్లయల్‌క్యామ్ అనే ప్రోటీన్‌కూ పోలిక ఉందని, కొందరు రోగుల యాంటీబాడీలు రెండింటికీ అతుక్కుంటున్నాయని చూపించారు. కథ అందంగా కుదురుతోంది, అందుకే కొంచెం అనుమానంతో చూడాలి. పెద్దల్లో నూటికి తొంభై ఐదు మందిలో ఈ వైరస్ ఉంటుంది, వారిలో అత్యధికులకు ఎం.ఎస్. రాదు. వైరస్ సోకిన బి కణాలనే వేటాడేలా తయారుచేసిన టి కణాల చికిత్స ఒకటి 2023లో రెండో దశ ప్రయోగంలో విఫలమైంది. వారసత్వానిదీ ఇలాంటి లెక్కే. 2019 నాటికి 47 వేలకు పైగా రోగుల జన్యువులు వెతికి రెండు వందలకు పైగా తేడాలు గుర్తించారు, వాటిలో చాలావరకు ఒక్కొక్కటీ ముప్పును రవ్వంత పెంచేదే. ఒకేలాంటి కవలల్లో ఒకరికి ఎం.ఎస్. ఉంటే రెండోవారికి వచ్చేది సుమారు నాలుగింట ఒక వంతు సందర్భాల్లోనే.

బి కణాల చికిత్స ఎం.ఎస్. దగ్గర ఆగలేదు, ఎం.ఎస్. దగ్గర మొదలవనూ లేదు. కీళ్లవాతానికి రిటుక్సిమాబ్ ఇవ్వాలని లండన్‌లో జొనాథన్ ఎడ్వర్డ్స్ పట్టుబట్టి, 2004లో ఫలితాలు చూపించారు. అక్కడా టి కణాల సిద్ధాంతమే రాజ్యమేలుతుండేది. రోగనిరోధక వ్యవస్థ సొంత అవయవాల మీదే దాడి చేసే లూపస్‌లో మాత్రం అదే మందు పెద్ద ప్రయోగంలో నిరాశపరిచింది. తర్వాత జర్మనీలోని ఎర్లాంగెన్ వైద్యులు, రోగి టి కణాలనే మార్చి బి కణాల మీదికి పంపి, వాటిని ఇంకా లోతుగా తుడిచే కార్-టి చికిత్సతో ముదిరిన లూపస్ రోగుల్లో జబ్బును అణిచిపెట్టారు. మందు రక్తంలో తిరిగే బి కణాలను తీసేసినా, గ్రంథుల్లో దాక్కున్నవాటిని వదిలేయడమే పాత వైఫల్యానికి కారణమని వారి వాదన. ఇలా సొంత శరీరం మీదే దాడి జరిగే ఒక్కో ఆటోఇమ్యూన్ వ్యాధిలో బి కణం ఒక్కో వేషం వేస్తోంది. అన్నింటికీ ఒకే పేరు పెట్టినంత మాత్రాన ఒకే మందు సరిపోదు.

రోగుల వైపు నుంచి చూస్తే తెరిచి ఉన్న గాయం వేరే ఉంది. మెరిసే చుక్కలు దాదాపు మాయమైనా కొందరిలో నడక నెమ్మదిగా క్షీణిస్తూనే ఉంటుంది. హౌజర్ బృందమే 2004 నుంచి వందలాది రోగులను ఏటా పరీక్షిస్తూ వచ్చి, 2019లో దీనికి నిశ్శబ్ద క్షీణత అని పేరు పెట్టింది. స్కాన్ శుభ్రంగా ఉంటుంది, మెదడు మాత్రం ఏటా కొద్దికొద్దిగా కుంచించుకుపోతుంది. రక్తం నుంచి వచ్చే దాడిని ఆపినా, మెదడు లోపలే స్థిరపడిన మైక్రోగ్లియా అనే కణాలు నివురుగప్పిన నిప్పులా పనిచేస్తూ ఉంటాయన్నది ప్రస్తుత అంచనా. సూదిమందులుగా ఇచ్చే పెద్ద యాంటీబాడీలు మెదడులోకి పెద్దగా చేరవు. మెదడులోకి చొరబడగల టోలెబ్రుటినిబ్ అనే మాత్ర, జబ్బు తిరగబెట్టడం ఆగిపోయి క్షీణత మాత్రం సాగుతున్నవారిలో, వైకల్యం ముదిరే ముప్పును 31 శాతం తగ్గించిందని 2024లో వెల్లడైంది. అదే కోవలోని ఎవోబ్రుటినిబ్ అంతకుముందు మూడో దశలో చేతులెత్తేసింది.

బి కణాలు లేకుండా ఏళ్ల తరబడి బతకడానికీ మూల్యం ఉంది. మందు ఏళ్లపాటు సాగితే రక్షక యాంటీబాడీలు క్రమంగా తగ్గి, ఇన్ఫెక్షన్లు పెరుగుతాయి. కోవిడ్ కాలంలో ఈ మందుల మీదున్న చాలామందిలో టీకా వేసినా యాంటీబాడీలు సరిగా రాలేదు. మందు ఎప్పుడు ఆపవచ్చు, మోతాదుల మధ్య ఎంత ఎడం పెట్టవచ్చు అన్నవాటికి ఇప్పుడే ప్రయోగాలు జరుగుతున్నాయి.

ఇక ఆ పట్టీల సంగతి. వెన్నెముక ద్రవంలోని ఎక్కువ యాంటీబాడీలను కాబాట్ గమనించి ఎనభై ఏళ్లు దాటింది. బి కణాల మందు ఏళ్ల తరబడి తీసుకుని, జబ్బు పూర్తిగా సద్దుమణిగిన రోగి వెన్నెముక ద్రవాన్ని ఇవాళ జెల్ మీద నడిపినా ఆ సన్నని గీతలు చాలావరకు అక్కడే కనిపిస్తాయి. వాటిని తయారుచేసే కణాలు మెదడు పొరల్లో ఎక్కడో స్థిరంగా కూర్చుని పని చేస్తూనే ఉన్నాయి. అవి దేనికి అతుక్కోవడానికి పుట్టాయో అందరికీ వర్తించే జవాబు ఇంతవరకు రాలేదు.